అర అద్దెకు ఇవ్వబడును

బోర్డులక్కకి తప్పు అక్షరం కనిపిస్తే ఒళ్ళు మండిపోతుంది. మందుల షాపువాడు ‘ఔషదాలు’ అని ఎవరిచేతో రాయించుకుంటే, దారిన పోతున్నదల్లా ఆగి, ఆ షాపువాడి స్టూలే లాక్కుని ఎక్కి, ద కింద గీత గీసి ధ చేసి దిగింది. ‘నిన్నెవరడిగారమ్మా?’ అన్నాడు వాడు. ‘అడిగేదాకా ఆగితే నువ్విచ్చే మందు కూడా ఇలాగే ఉంటుంది’ అని చక్కా పోయింది. పైసా పుచ్చుకోలేదు. ఇలాంటి మనిషి చేతి మీదుగానే ఆ పేటలో అంత పెద్ద అబద్ధం గోడకెక్కిందంటే వినేవాళ్ళు నమ్మరు. కానీ ఎక్కింది. అదీ ఎనామెల్ పెయింటుతో, రెండు పూతలు.

ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, ఆవిడ కూడా పెద్దగా వాడుకోలేదు. భర్త బోర్డులు రాసేవాడు. ఆయన గీతలు గీస్తే ఈవిడ రంగు నింపేది. ఆయన పోయి ఎనిమిదేళ్ళు. అప్పటినుంచి గీతలూ ఈవిడవే, రంగూ ఈవిడదే. కొట్టంటూ పెద్దగా ఏమీ లేదు. ఒక మూడంతస్తుల మేడ మెట్ల కింద ఉన్న జాగా. నిలబడితే తల తగులుతుంది కాబట్టి కూర్చునే రాస్తుంది. ఊరందరికీ బోర్డులు రాసే ఆ కొట్టుకి మాత్రం బోర్డు లేదు. అడిగితే, ‘నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి చదువు రాకపోయినా ఫరవాలేదు’ అంటుంది.

ఆ మేడ యజమానిని అందరూ మేడాయన అంటారు. నవ్వుముఖం, నలగని చొక్కా, ఎవరినైనా ‘అండీ’ లేకుండా పిలవని నోరు. రెండేళ్ళ కిందట, కాలేజీలు తెరిచే రోజుల్లో, ఆయన మెట్ల కిందకి వంగి తొంగి చూశాడు.

‘బోర్డులక్కా, ఒక పెద్ద బోర్డు కావాలండీ. విద్యార్థులకు అర అద్దెకు ఇవ్వబడును. అంతే మాట.’

‘గది అంటే సరిపోదాండీ? అర అని ఇప్పుడెవరంటున్నారు?’

‘అదేనండీ! గది అని ప్రతివాడూ రాయిస్తాడు. అర అంటే ఎంత అందంగా ఉంది! అచ్చమైన తెలుగు మాట. మీ చేత్తో రాస్తే దానికి ఇంకా కళ వస్తుంది.’

అంతే, బోర్డులక్క కరిగిపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ దగ్గరికి వచ్చినవాళ్ళంతా ఎన్ని అడుగులు, ఎంతవుతుంది, ఎప్పుడిస్తావు అని అడిగినవాళ్ళేగానీ, మాట అందం గురించి మాట్లాడినవాడు ఒక్కడూ లేడు. బోర్డేమో పొడుగు, మాటలేమో నాలుగు. బోర్డంతా నిండాలని మేడాయన పట్టుబట్టాడు. అందుకని అక్షరాలు ఎడం ఎడంగా పెట్టి రాసింది. అన్నిటికంటే పెద్దగా, ఎర్రగా, మధ్యలో ‘అ ర’ అని రాసింది. ఆ రెండక్షరాల మధ్య ఇంకో రెండక్షరాలు హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఆ రోజు ఇంటికెళ్ళి వదినగారితో గొప్పగా చెప్పింది కూడా: ‘ఇంకా భాష మీద ప్రేమున్నవాళ్ళు ఉన్నారు వదినా!’

ఆ బోర్డు చూసి పక్కవీధి యజమాని వచ్చాడు. అదే మాట కావాలన్నాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. రెండేళ్ళలో ఆ పేటలో పదకొండు ఇళ్ళకి పదకొండు ‘అర’లు రాసింది. అందరికీ ఒక్కసారిగా తెలుగు మీద అంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో ఒక్కసారైనా అనుమానం రావాలా వద్దా? రాలేదు. పొగడ్త చెవిలో పడ్డాక బుర్ర పనిచేస్తుందా ఎవరికైనా!

ఒక బుధవారం మధ్యాహ్నం, ఆవిడ కుంచెలు కడుక్కుంటుంటే ఒక అమ్మాయి వచ్చి మెట్ల ముందు నిలబడింది. ఎక్కడో దేశంకాని దేశం నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల అని చూడగానే తెలుస్తోంది. చేతిలో ఒక పాత వాచకం, ఒక కాగితం.

‘ఆ పైనున్న బోర్డు వ్రాసినది మీరేనా?’ అంది.

‘నేనే. ఏం?’

‘మీరు అసత్యము వ్రాసితిరి.’

బోర్డులక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. ‘ఏంటమ్మాయ్, నోరు జాగ్రత్త! నా బోర్డులో తప్పు పట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు.’

‘నేను పుట్టితిని,’ అంది ఆ పిల్ల. అందులో వెటకారం లేదు. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు కాబట్టి అలా వచ్చింది, అంతే. వాచకం తెరిచి వేలు పెట్టి చూపించింది. పావు, అర, ముప్పావు. పక్కన కోసిన పండు బొమ్మలు. ‘అర అనగా సగము. అర అద్దె అనగా సగము అద్దె. విద్యార్థులకు సగము అద్దెకు ఇచ్చెదరని చదివి నేను మిక్కిలి సంతోషించితిని. ఆయన పూర్తి అద్దె తీసుకొనెను. అడిగితే, అర అనగా గది, నీకు భాష రాదు అని నవ్వెను. అందరూ నవ్విరి.’

బోర్డులక్క కూడా నవ్వబోయింది. నిజం చెప్పాలంటే సగం నవ్వింది. తర్వాత మెట్ల కిందనుంచి బయటికొచ్చి, తలెత్తి, రెండేళ్ళుగా రోజూ చూస్తున్న బోర్డుని మొదటిసారి చదివింది. అంతకుముందు చూసిందల్లా ర గుండ్రంగా వచ్చిందా, తలకట్టు నిలబడిందా అనే. విద్యార్థులకు. అర అద్దెకు. ఇవ్వబడును. పిల్ల చదివినట్టే చదవొచ్చు. మేడాయన చెప్పినట్టూ చదవొచ్చు. సగం అద్దె అనుకుని పరిగెత్తుకొస్తారు, లోపలికొచ్చి సంచి దింపాక గది అంటాడు. అచ్చమైన తెలుగు మాట! కళ వస్తుంది! ఆవిడ నవ్వు పెదాల మీదే ఎండిపోయింది.

‘మరి వేరే చోట చూసుకోలేకపోయావా?’ అంది, తన తప్పుని కాస్త అటు జరుపుదామని.

పిల్ల చూడనిచోటు లేదు. పందొమ్మిది రోజులు తిరిగింది. ఒకచోట ఫోనులో రమ్మన్నారు, ముఖం చూడగానే ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామన్నారు. ఆ ఇంటికి బోర్డు ఇప్పటికీ వేలాడుతోంది. ఒకచోట ఈ ఊళ్ళో నీకు హామీ ఉండే మనిషిని తీసుకురమ్మన్నారు. ఆ ఊళ్ళో పిల్లకి తెలిసిన ఒకే ఒక్క మనిషి బస్సు కండక్టరు. ఒకావిడ ఏం తింటావు, ఎవరెవరొస్తారు, ఎన్ని బట్టలుతుకుతావు అని గంటసేపు కూర్చోబెట్టి అడిగి, ఆఖరికి బయటివాళ్ళకి ఇవ్వమమ్మా అంది. ఆ ముక్క ముందే చెబితే ఆవిడ సొమ్మేం పోయింది? మంచి గదులున్నచోట అద్దె వింటే పిల్లకి తల తిరిగింది. ఇక మిగిలినవి ‘అర’లే.

‘ఇప్పుడు నాకు అద్దె కూడా ముఖ్యము కాదు,’ అని కాగితం చాపింది పిల్ల. అది కాలేజీలో బయటిదేశం విద్యార్థుల ఆఫీసు ఇచ్చిన నివాస పత్రం. ఎక్కడుంటున్నదీ, గది పొడవు వెడల్పు ఎంతో, అందులో ఎందరున్నారో రాసి, ఇంటి యజమాని సంతకం పెట్టాలి. శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల ఇవ్వకపోతే సీటు పోతుంది. సీటు పోతే దేశంలో ఉండనివ్వరు. మేడాయన సంతకం పెట్టనన్నాడు.

‘ఎందుకు పెట్టడు? పద,’ అని బోర్డులక్క టేపు జేబులో వేసుకుంది. ఆవిడ చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుంటుంది, రంగులంటకుండా.

రెండో అంతస్తులో ఒకప్పుడు హాలు ఉండేది. ఇప్పుడు ప్లైవుడ్డు చెక్కలు నిలబెట్టి దాన్ని ఆరు ముక్కలు చేశారు. చెక్కలు పైకప్పుదాకా లేవు. మధ్యలో ఒకే బల్బు, దాని స్విచ్చి మొదటి ముక్కలో. అందులో ఉండే అమ్మాయి దీపం ఆర్పి పడుకుంటే మిగతా అయిదుగురికీ చీకటే. కిటికీ కూడా ఒకటే. చెక్క సరిగ్గా దాని నడుమకొచ్చి ఆగింది: గడియ అటువైపు అమ్మాయికి, అద్దం ఈ పిల్లకి. గాలి కావాలంటే చెక్క మీద తట్టి అడగాలి. పిల్ల మంచం చూపించింది. మంచం తప్ప చూపించడానికేమీ లేదు. పెట్టె మంచం మీద ఉంటే తను నిలబడాలి, తను పడుకుంటే పెట్టె బయట పెట్టాలి.

బోర్డులక్క టేపు లాగింది. ఆరడుగులు, నాలుగడుగులు. మళ్ళీ కొలిచింది. నాలుగే. ‘నా మెట్ల కింద కొట్టు దీనికంటే పెద్దదే!’ అని పైకే అనేసింది. చెక్కల అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. కడుపు మండిపోతుంటే ఆ నవ్వు ఒకటి.

‘ఏంటండీ బోర్డులక్కా, కొలతలేవో తీస్తున్నారు?’ అంటూ వచ్చాడు మేడాయన, నవ్వుముఖంతోనే.

‘గది ఎక్కడుందా అని వెతుకుతున్నానండీ.’

‘ఇదే కదండీ గది. నాలుగు గోడలున్నాయిగా!’

‘మూడు చెక్కలున్నాయి.’

‘చెక్క గోడ కాదని ఎక్కడ రాసుందండీ? అర అన్నాం, అర ఇచ్చాం. కావాలంటే నిఘంటువు చూసుకోండి.’

‘నిఘంటువు సంగతి తర్వాత. ఈ పిల్ల కాగితం మీద సంతకం పెట్టండి. శనివారం దాటితే దాని చదువు గంగపాలు.’

‘అందులో కొలతల గడి ఉందండీ. ఎందరున్నారని గడి ఉంది. నేనెందుకు ఇరుక్కోవాలి? ఇష్టం లేకపోతే వెళ్ళిపొమ్మనండి. రేపు ఇంకొకళ్ళొస్తారు.’ చేత్తో కిటికీ బయటికి చూపించాడు. ‘ఆ బోర్డు చూసి.’

ఆ మాట సూటిగా వచ్చి గుచ్చుకుంది. బోర్డులక్క టేపు చుట్టి జేబులో పెట్టుకుంది. తర్వాత, ‘అయితే బోర్డు దించండి. గది అని కాదు, మంచం అని రాసిస్తాను. ఊరికే రాసిస్తాను,’ అంది.

నవ్వుముఖంలో నవ్వు పోయింది. ‘అండీ’ కూడా పోయింది.

‘చూడూ, నీ పని అక్షరాలు రాయడం. అర్థాలు చెప్పడం కాదు. మెట్ల కింద కొట్టు ఎవరిదో కాస్త గుర్తుపెట్టుకుని మాట్లాడు.’

ఇంటికెళ్ళి పళ్ళెం ముందు కూర్చుందన్న మాటేగానీ అన్నం కెలుకుతూ ఉండిపోయింది బోర్డులక్క. ఎదురుగా వదినగారు. భర్తకి అక్క. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరైన మనిషి. ఇల్లు ఆవిడదే. నోరు కూడా ఆవిడదే.

‘ఏమే, కంచంలో ఏమైనా తప్పులున్నాయా, అలా చూస్తున్నావు?’

బోర్డులక్క మొత్తం చెప్పింది. చెబుతూ చెబుతూ, ‘మన మధ్య గది ఉంది కదా వదినా,’ అంది నెమ్మదిగా.

‘మధ్య గదిలో నా తమ్ముడున్నాడు,’ అంది వదినగారు.

ఉన్నది తమ్ముడు కాదు, తమ్ముడు రాసిన బోర్డులు. రాయించుకుని తీసుకెళ్ళనివాళ్ళవి, మూతపడ్డ దుకాణాలవి, నలభై దాకా గోడకి ఆనించి ఉన్నాయి. ఎనిమిదేళ్ళుగా వదినగారు వాటిని గుడ్డపెట్టి తుడుస్తోంది. వాటి జోలికి ఎవరినీ పోనివ్వదు. అది తెలిసే బోర్డులక్క ఇక మాట పొడిగించలేదు. లేచి చెయ్యి కడుక్కుంది.

‘ఆ ఆరుగురికీ డోర్ నంబరు ఒకటేనా?’ అంది వదినగారు వెనకనుంచి.

‘ఒకటే.’

‘ఉత్తరమొస్తే?’

‘కింద మెట్ల మీద పారేసి పోతారట. ఎవరిది ఎవరికి దొరికితే వాళ్ళకి.’

వదినగారి ముఖం ఎర్రబడింది. అద్దె సంగతి విన్నప్పుడు అంత కోపం రాలేదు, చెక్కల సంగతి విన్నప్పుడూ రాలేదు. ‘మెట్ల మీదా? ముప్పై ఏళ్ళు కళ్ళు కాయలు కాచేలా కోడిగీతలు చదివి ఒక్కో ఉత్తరం మనిషికి చేర్చాను నేను. మనుషుల్ని పెట్టుకుని వాళ్ళకి అడ్రసు లేదంటాడా, వాడి మొహం మండా!’ కాసేపు ఊపిరి పీల్చుకుని, మరదలి వైపు తిరిగింది. ‘ఆ అర అని రాసింది ఎవరు?’

‘నేనే.’

‘నా దగ్గర గొప్పలు కొట్టావు చూడు, భాష మీద ప్రేమ అని, అదేనా?’

‘అదే వదినా.’

వదినగారు ఇంకేమీ అనలేదు. ఏదైనా తిట్టి ఉంటే బాగుండేదని బోర్డులక్క చాలాసేపు అనుకుంది.

గురువారం బోర్డులక్క ఎవరెవరినో అడుగుతూ ఊరంతా తిరిగింది. తను బోర్డులు రాసిన షాపులన్నీ ఎక్కింది. అందరూ కుర్చీ వేశారు, కుశలమడిగారు, గది మాటెత్తగానే గోడలకేసి చూశారు. ‘నీకైతే ఇస్తాం అక్కా. బయటిదేశం పిల్ల కదా, ఎందుకొచ్చిన గొడవ?’ గొడవ! ఆ పిల్ల చేసిన గొడవల్లా పుస్తకంలో ఉన్న తెలుగు మాట్లాడటం. ‘ఒత్తులు దిద్దినన్నాళ్ళూ అక్కనే, ఒక్క గది అడిగితే గొడవనా?’ అని మందుల షాపువాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేసి వచ్చింది. కడిగితే మాత్రం గది దొరకలేదు.

శుక్రవారం పొద్దున్న దబదబ చప్పుళ్ళకి మెలకువొచ్చింది. వదినగారు కొంగు బిగించి, తమ్ముడి బోర్డుల్ని ఒక్కొక్కటే మధ్య గదిలోంచి లాక్కొచ్చి, వరండాలో వరసగా ఆనిస్తోంది. కళ్ళనిండా నీళ్ళు. నోరు మాత్రం ఆగలేదు.

‘చూస్తావేంటే గుడ్లప్పగించి? ఆ కొస పట్టుకో. వీడు బతికుంటే ఈపాటికి ఆ మేడాయన బోర్డు పీకి పొయ్యిలో పెట్టేవాడు. నువ్వున్నావు, పొగిడితే చాలు, కుంచె నాకుతావు.’

ఎట్టకేలకు తిట్టింది. బోర్డులక్కకి ప్రాణం కుదుటపడింది.

గది కొలిస్తే పన్నెండడుగులు, పదడుగులు. రెండు కిటికీలు, గడియలూ అద్దాలూ కలిసే ఉన్నాయి. పిల్ల వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పాలో వద్దో తెలియక ఒకటి విప్పి ఒకటి ఉంచుకుంది. వదినగారు కాగితం ముందేసుకుని, పోస్టాఫీసు చేతిరాతతో, ఒక్కో గడీ నింపింది. డోర్ నంబరు, వీధి, పొడవు, వెడల్పు. ఎందరుంటారు అన్నచోట ‘ఒకరు’ అని రాసి కింద గీత కూడా గీసింది.

‘అద్దె ఎంత ఇయ్యవలెను?’ అంది పిల్ల బెదురుతూ.

‘మేడాయన ఎంత తీసుకుంటున్నాడు?’

పిల్ల చెప్పింది.

‘బోర్డు మీద ఏముంది? అర అద్దెకు. అందులో సగం ఇవ్వు,’ అని వదినగారు సంతకం పెట్టింది. ‘మా ఇంటి మనిషి రాసిన మాట. మేము నిలబెట్టుకోవద్దూ!’

శనివారం పదకొండుకి పిల్ల ఆఫీసు నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. కాగితం నకలు మీద ముద్ర పడింది. సీటు నిలిచింది. ఇంతవరకు చెప్పి ఆపేస్తే వినేవాళ్ళకి హాయిగానే ఉంటుంది. కానీ బోర్డులక్కకి హాయిగా లేదు. పొద్దుటే వెళ్ళి మెట్ల కింద కొట్టు ఖాళీ చేసేసింది. డబ్బాలు, కుంచెలు, స్టూలు, సుద్దముక్కలు, అన్నీ రెండు సంచుల్లో పట్టాయి. తాళంచెవి మేకుకి తగిలించింది. తర్వాత నిచ్చెన తెచ్చి, పట్టపగలు, వీధిలో జనం చూస్తుండగా, మేడకి ఆనించి ఎక్కింది.

అ కి, ర కి మధ్య రెండేళ్ళ కిందట వదిలిన జాగా అలాగే ఉంది. సుద్దతో గీత కూడా పెట్టుకోలేదు. ఎర్ర రంగులో కుంచె ముంచి, ల రాసింది. పక్కన మ రాసింది. పాత అక్షరాలకి సరిగ్గా అదే ఎత్తు, అదే లావు. తడి ఆరితే ఏది పాతదో ఏది కొత్తదో ఆవిడకే తెలియదు.

కింద జనం చేరారు. రెండో అంతస్తు కిటికీలోంచి అయిదు తలలు బయటికొచ్చాయి, గడియ వైపు మూడు, అద్దం వైపు రెండు. కింద జనంలో నిలబడ్డ పిల్ల కూడబలుక్కుని పైకి చదివింది: ‘విద్యార్థులకు అలమర అద్దెకు ఇవ్వబడును.’ వీధంతా గొల్లుమంది.

మేడాయన చెప్పుల్లేకుండా కిందికొచ్చాడు. ‘చెరుపు! ముందది చెరుపు!’

‘ఎందుకండీ?’ అంది బోర్డులక్క నిచ్చెన మీదనుంచి. ‘నా పని అక్షరాలు రాయడమే కదా. రాశాను. తప్పు ఎక్కడుందో చూపించండి, ఇప్పుడే దిద్దుతాను.’

ఆయన బోర్డు వంక చూశాడు, జనం వంక చూశాడు, తన మేడ కిటికీలోంచి చూస్తున్న అయిదుగురి వంక చూశాడు. తప్పు చూపించలేకపోయాడు. ‘ఇవాళే కొట్టు ఖాళీ చెయ్యి!’ అని అరిచాడు.

‘పొద్దుటే చేశాను. తాళంచెవి మేకుకుంది.’

దిగింది. పిల్ల సంతోషిస్తుందనుకుంది. పిల్ల నవ్వడం లేదు. కిటికీ వైపే చూస్తోంది.

‘అక్కా,’ అంది. పుస్తకంలో లేని ఆ పిలుపు ఎక్కడ నేర్చుకుందో. ‘వారు అయిదుగురూ ఇంకనూ అక్కడనే ఉన్నారు. వారునూ నావలె పరదేశమువారే, వేరొక కళాశాలవారు. వారి పత్రములకు వచ్చే శనివారము కడపటి దినము. తక్కిన ఇండ్లలో ఎందరో నాకు తెలియదు.’

బోర్డులక్కకి కాస్త చల్లారిన కోపం మళ్ళీ భగ్గుమంది. ఇంట్లో ఉన్నది ఒక్క మధ్య గది. అది నిండిపోయింది. రేపు మేడాయన ఈ బోర్డు పీకించి ఫ్లెక్సీ వేయించుకుంటాడు. ఆ సంగతి ఆవిడకి తెలియక కాదు. కానీ చేతిలో ఉన్నది కుంచె, తన చేత్తో ఆ అబద్ధం రాసింది పదకొండుసార్లు. ఎర్ర రంగు డబ్బా మూత వెయ్యబోయినది వెయ్యలేదు.

‘ఇంకా పది బోర్డులున్నాయి. పదీ నేనే రాశాను,’ అంది. ‘నిచ్చెన ఆ చివర పట్టుకో.’